జీడి మచ్చ

"చెప్పులు విప్పండి" అంది డాక్టరమ్మ.

కోమల వంగి తల్లి చెప్పు పట్టీ మీద చెయ్యి వేసింది.

"ఆమెవి కాదమ్మా. ఆమెది అయిపోయింది. మీవి."

సుక్కమ్మ బల్ల మీద కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఆమె ఎడమ మడమ కింద లేచిన నల్లమచ్చను లోతుగా కోసి తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికించి పదకొండు నెలలైంది. డాక్టరమ్మ ఆ అతుకును నొక్కి చూసింది. గజ్జల్లో తడిమి చూసింది. ఇప్పటికైతే బాగానే ఉంది, మళ్లీ మూడు నెలలకు రండి అని చెప్పింది. ఇక లేవడమే అనుకుంటుండగా ఈ మాట.

కోమల చెప్పులు విడిచింది. పొద్దున షాద్‌నగర్‌లో బస్సు కోసం బురదలో నిలబడిన కాళ్లవి. పగిలిన మడమల్లో మట్టి అలాగే ఎండిపోయి ఉంది. డాక్టరమ్మ ఆమెకంటే పదేళ్లయినా చిన్నదై ఉంటుంది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆ పాదాన్ని ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుంది.

"వద్దు మేడం" అని కోమల వెనక్కి లాక్కోబోయింది. డాక్టరమ్మ పట్టు వదల్లేదు. ఒక్కో వేలూ విడదీసి సందుల్లో చూసింది. గోళ్ల మీదికి లైటు వేసి చూసింది. అరికాలంతా బొటనవేలితో రుద్దుకుంటూ పోయింది. రెండో కాలూ అంతే. తర్వాత అరచేతులు తిప్పమంది.

"వేలి మీద ఈ చుక్కలేంటి?"

"సూదివి మేడం. బ్లౌజులు కుడ్త."

"మంచిది. మీకేం లేదు. కానీ నెలకో రోజు పెట్టుకుని మీకు మీరే చూసుకోండి. ఈ రకం చర్మ క్యాన్సర్ మన దగ్గర ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. ఇంట్లో ఒకరికి వస్తే రక్తసంబంధం ఉన్నవాళ్లు కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కొత్త మచ్చ వచ్చినా, ఉన్నది పెరిగినా, రంగు మారినా, అంచు వంకరపోయినా వెంటనే రండి. బ్లేడుతో కోయడం, ఆకుపసరు పోయడం, కాల్చడం, ఇవేవీ చేయొద్దు. మీ అమ్మగారు ఇవన్నీ చేసుకునే వచ్చారు."

సుక్కమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"ఇద్దరు పిల్లలని రాసి ఉంది. మీ తమ్ముడేడి? పోయినసారి కూడా రాలేదు."

"కిందనే ఉన్నడు మేడం."

"పిలవండి. ఐదు నిమిషాలు ఆగుతా."

కోమల ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మూడంతస్తుల మెట్లు దిగింది. గేటు బయట టీ బండి దగ్గర వీరేశం గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ పదకొండు నెలల్లో తల్లిని ఆటోలోంచి చంటిపిల్లలా ఎత్తుకుని గేటు దాకా తెచ్చేది అతనే. ఆపరేషన్ అయిన వారం తప్ప మళ్లీ గేటు దాటి లోపలికి అడుగు పెట్టింది మాత్రం లేదు.

"నడువ్. డాక్టరమ్మ పిలుస్తాంది."

"అమ్మకేమన్న అయిందా?"

"అమ్మకేం గాలె. నిన్ను చూస్తదట."

"నన్నేం చూస్తది? నేనేమన్న పెండ్లికొడుకునా?"

టీ బండి అతను నవ్వాడు. కోమలకు నవ్వు రాలేదు. "తమ్మీ, రెండు నిమిషాల పని. నావి గూడ చూసింది. ఏం లేదన్నది."

"నీకు లేదన్నదా? ఇంకేంది మల్ల. ఒక్క కడుపున పుట్టినోళ్లం. నీకు లేకుంటే నాకు లేనట్టే." గ్లాసు కడకంటా తాగి పెట్టాడు. "బస్సు పోతది అక్కా. అమ్మను తోల్కరా, పో."

ఆమె మళ్లీ మూడంతస్తులు ఎక్కేసరికి గదిలో వేరే మనిషి బల్ల మీద పడుకుని ఉన్నాడు. నర్సు తలుపు సందులోంచి ఒక కాగితం అందించింది. దాని మీద పాదాల బొమ్మలు, చేతుల బొమ్మలు గీసి ఉన్నాయి. మచ్చ ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టుకోమంది. "అందరివీ రాసి తెండి" అని తలుపు వేసింది.

బస్సులో కోమల, తల్లి ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకున్నారు. వీరేశం డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని, "ఆడోళ్ల రాజ్యం" అని గొణుక్కుంటూ వెనక సీట్లోకి పోయాడు. షాద్‌నగర్ వచ్చింది. కోమల దిగలేదు. బస్సు కదిలాక భర్త మల్లేష్ ఫోన్ చేశాడు.

"ఏడున్నవ్? నేను స్టాండుల నిలబడ్డ."

"అమ్మతోని కొత్తకోట ఇంటికి పోతున్న. రెండు దినాలాగి వస్త."

"శ్రావణమాసం పూట మిషను వదిలిపెట్టి పోతవా? సుహాసిని మేడం బ్లౌజు కోసం రెండుసార్లు వచ్చిపోయింది."

"మల్లొస్తె కూసోబెట్టి చాయ్ పొయ్యి" అని ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిరిగి చూస్తే వీరేశం ఆమెనే చూస్తున్నాడు. అక్క దిగలేదని అప్పుడే అర్థమైనట్టుంది. మొహం కిటికీకి తిప్పుకున్నాడు.

*

తెల్లవారి కోమల అరుగు మీద కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంది. మొదట దొరికింది మనస్విని. వీరేశం కూతురు, తొమ్మిదో తరగతి. బడి బట్టలేసుకుని జడ అల్లించుకోవడానికి వచ్చిన పిల్లను పట్టుకుని కాళ్లు చాపమంది.

"గోర్లకు గీ రంగేందే? తీసెయ్. కింద ఏమున్నదో ఎట్ల కనపడాలె?"

"నిన్ననే పెట్టుకున్న అత్తా."

"తీస్తవా, బ్లేడుతో గీకాల్నా?"

పిల్ల లోపలికి పోయి దూది తెచ్చుకుని, ఏడుపు మొహంతో పది గోళ్లూ తుడిచింది. కోమల అరికాలు మీద వేలు వేసిందో లేదో కితకితలని కాలు తన్నింది. పెన్ను పోయి వాకిట్లో పడింది. కుడి అరచేతిలో నువ్వుగింజంత పుట్టుమచ్చ ఒకటుంది. పుట్టినప్పటిదే. కోమల బొమ్మ మీద చుక్క పెట్టి పక్కన మనస్విని అని రాసింది. ఇంత పని. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

వీరేశం భుజాన తువ్వాలు వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. కోమల లేచి అడ్డం నిలబడింది.

"కూసో."

"నాట్లు పడ్తున్నయి అక్కా. ఎనిమిది మంది మడిల నిలబడి ఉన్నరు."

"నిలబడనియ్. కాలు ఎత్తి చూపియ్, పో."

"నువ్వు పెద్దదానివి. నువ్వు నా కాళ్లు పట్టుకుంటె నాకు పాపం తగుల్తది."

"నేను పట్టుకోను. దూరంగనే ఉంట. నువ్వే ఎత్తు."

"బురదల దిగే కాలు. ఇప్పుడు కడిగి, తుడిచి, నీకు చూపియ్యాల్నా? సాయంత్రం చూద్దువు." అరుగు చివర నుంచి దిగి, ఆమెను చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. నిన్న సాయంత్రం కూడా ఇదే మాట. రేపు పొద్దున చూద్దువు అన్నాడు.

వాకిట్లో ఇంకో పక్క వీరేశం భార్య రూప గోరువెచ్చని నీళ్ల చెంబు పెట్టుకుని, అత్త కాలు ఒళ్లోకి తీసుకుని కడుగుతోంది. మెత్తటి గుడ్డతో అతుకు చుట్టూ అద్దుతోంది. మధ్యాహ్నం మళ్లీ కొబ్బరినూనె రాయాలి. ఆ చర్మం ఎండితే పగులుతుంది. పగిలితే పుండు మానదు.

"రూపా, నువ్వన్న చూడరాదూ వాని కాలు? పెండ్లానివి. నీకు చూపియ్యనంటడా?"

రూప తల ఎత్తలేదు. "డాక్టరు ఎవరిని చూసుకోమన్నది వదినె?"

"రక్తసంబంధం ఉన్నోళ్లని."

"మీది రక్తం. నాది పని." గుడ్డ పిండి, మళ్లీ తడిపింది. "పదకొండు నెలల సంది గీ కాలు కడుగుతున్న. మా అమ్మ సచ్చిపోతె మూడు దినాలకు వచ్చేసిన, అత్తమ్మ కాలు ఎవరు కడుగుతరని. మీరు మూడు నెలలకోపారి కాయితం తెస్తరు. కాయితం మీరే నింపుండ్రి."

సుక్కమ్మ ఎవరివైపూ చూడకుండా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

కోమలకు చెవులు వేడెక్కాయి. తను దవాఖాన చుట్టూ తిరగడం లేదా, ఒక్క రోజు మిషను మూస్తే ఎంత పోతుందో ఈమెకు తెలుసా, ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. రూప చేతులు చూసింది. వేళ్ల చివర్లు నీళ్లలో నాని తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. కానీ కోపం పోలేదు. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియని కోపం మధ్యాహ్నం దాకా ఆమె వెంటే తిరిగింది. బియ్యంలో రాళ్లు ఏరుతుంటే కూడా రాళ్లకంటే అదే ఎక్కువ తగిలింది.

*

మరుసటి రోజు చాయ్ క్యాన్ తీసుకుని పొలానికి తనే వెళ్లింది. బోరు కింద ఎకరన్నర. మడిలో ఎనిమిది మంది ఆడవాళ్లు వరుసగా వంగి, ఎడమ చేతిలో నారుకట్ట పట్టుకుని, కుడి చేత్తో రెండేసి మొక్కలు బురదలోకి గుచ్చుతూ వెనక్కి నడుస్తున్నారు. వీరేశం ఒడ్డు మీది నారుకట్టలు రెండేసి తీసుకుని వాళ్ల వెనక పడేటట్టు విసురుతున్నాడు. కట్ట పడ్డచోటల్లా బురద చిమ్ముతోంది.

గుంపుకు పెద్ద నిర్మలమ్మ. అరవై ఏళ్లుంటాయి. నడుం ఎత్తకుండానే పలకరించింది.

"ఏం కోమలా, షాద్‌నగర్ పోయి మడిల దిగుడు మర్చినవా?"

"చాయ్ తెచ్చిన అత్తమ్మా. దిగమంటె దిగుత."

"నువ్వు దిగొద్దులే. నీకు వేరే పనున్నదట గద. తమ్ముని కాళ్లెంబడి పడ్డవంట. మీ మనస్విని చెప్పింది."

ఆడవాళ్లు నవ్వారు. ఒకామె, "కాళ్లు మొక్కుతాందా, కాళ్లు ఇరగ్గొడ్తదా?" అంది. మళ్లీ నవ్వారు.

వీరేశం మొహం ముడుచుకుపోయింది. చేతిలోని కట్టలు విసిరేసి, మడిలోంచి పెద్ద పెద్ద అంగలతో ఒడ్డెక్కాడు. కాలువలో ఎడమ కాలు పెట్టి గబగబా రుద్ది కడిగాడు. కోమల ముందు గట్టు మీద కూలబడి మడమ ఎత్తి చూపించాడు.

"చూడు. కండ్లనిండ చూడు. ఇగ నా పాణం తియ్యకు."

మడమ వంపు కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. తారు పూసినట్టు చిక్కటి నలుపు. చుట్టూ చర్మం బొబ్బలెక్కి, పొక్కి, ఒక పక్క ఎర్రగా రసి కారుతోంది. కోమల చాయ్ క్యాన్ కింద పెట్టింది.

"ఏంది తమ్మీ ఇది?"

"జీడి. దవాఖానకు పోయే ముందటి దినం తుమ్మముల్లు ఇరిగింది. జీడి పెట్టిన."

కోమల ఇంకా దగ్గరికి వంగింది. జీడి ఆమెకు తెలియనిదేం కాదు. నల్లజీడి గింజను పిన్నీసుకు గుచ్చి దీపం మీద పెడితే సుయ్యిమని నూనె ఊరుతుంది. ముల్లు తీసేసిన చోట దాన్ని చురుక్కున అంటిస్తారు. చీము పట్టదని నమ్మకం. చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన రోజుల్లో తన కాళ్లకూ పెట్టారు. నెలల తరబడి నల్లగా ఉండిపోయేది ఆ మచ్చ. ఇదీ అలాగే ఉంది.

"కాల్చొద్దని డాక్టరమ్మ చెప్పలేదా?"

"నాకేం చెప్పింది? నాకు చెప్పనేలేదు."

"నీకు చెప్పనీకి నువ్వు లోపటికి వస్తె గద."

"ముల్లు ఇరిగితె జీడి పెట్టకపోతె పూలు పెడ్తరా అక్కా?"

మడిలో మళ్లీ నవ్వులు. నిర్మలమ్మ కూడా నడుం ఎత్తి నవ్వింది. కోమల జాకెట్లోంచి కాగితం తీసి, ఎడమ పాదం బొమ్మ మీద సున్నా చుట్టి, పక్కన 'జీడి' అని రాసింది. రాశాక ఆ మాట ఆమెకే వెక్కిరింపులా కనిపించింది. కుడి కాలు చూపించమంటే అదీ ఎత్తాడు, గోళ్లు కూడా చూపించాడు. వాటికేం లేవు. అయిపోయిందా అన్నట్టు చూసి మడిలోకి దిగిపోయాడు. కడిగిన కాలు ఒక్క అడుగులో మోకాలి దాకా బురదలో మునిగింది.

పచ్చి పుండుతో బురదలోకి. చాయ్ గ్లాసుల్లో పోస్తూ ఆమె ఆ కాలు మునిగిన చోటే చూసింది. జబ్బు కాదు గదా అని ఊపిరి పీల్చుకోవాలో, జబ్బుకంటే ఈ మొండితనమే పెద్ద జబ్బని ఏడవాలో తెలియలేదు.

*

నాలుగో రోజు పొద్దున సంచి సర్దుకుంది. మల్లేష్ రాత్రి ఫోన్‌లో గట్టిగానే అన్నాడు. పది గంటల బస్సు అనుకుంది. సుక్కమ్మ గడప దగ్గర కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. రూప పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తోంది.

"నేను పోతున్న అమ్మా. ఇగ వానికి చెప్పుడు నా వశం గాదు. ముల్లు ఇరిగిందని జీడి పెట్టుకుని బురదల తిరుగుతున్నడు."

"ఏ ముల్లు?"

"తుమ్మముల్లు. మడమల."

సుక్కమ్మ చేతిలో కాయ అలాగే ఆగింది. "ఎవరు తీసిండ్రు?"

"ఏమో. వాడే తీసుకున్నడు గావచ్చు."

"మడమల ఇరిగిన ముల్లు ఎవనికి వానికి ఎట్లొస్తది? కన్ను ఆనదు, చెయ్యి ఆనదు. ఎవరో ఒకలు ఒళ్లె పెట్టుకుని పిన్నీసుతోని తియ్యాలె." కాయ చాటలో వేసింది. "ఈ ఇంట్ల ముండ్లు తీసేది రూపనే. రూపా, నువ్వు తీసినవా?"

రూప రొట్టె తిప్పలేదు. మాడు వాసన వచ్చింది. కోమల లేచి వెళ్లి పెనం దించింది. రూప చేతులు ఒళ్లో పెట్టుకుని నిప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

"ముల్లు లేదత్తమ్మా" అంది.

సుక్కమ్మ చాట పక్కకు జరిపింది.

"ఉగాదికి చూసిన. ఆవగింజంత ఉండె. ఆదివారం ఆయన తలకు పోసుకునేటప్పుడు పీచుతో కాళ్లు నేనే రుద్దుత. మీ కాలు కడిగీ కడిగీ నా కన్ను అందరి కాళ్ల మీదికే పోతది. మురికేమో అని రుద్దిన. పోలే. తర్వాత మినపగింజంత అయింది. ఇప్పుడు చిక్కుడు గింజంత. ఒక పక్కకు సాగింది. ఆయనకు చెప్పిన. చెప్పిన దినమే మనస్విని తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నడు, ఎవలకు చెప్పొద్దని. మొన్న దవాఖానకు పోయే ముందటి దినం, అక్క ఊకోదు, చూస్తది అని, జీడి కాల్చి ఆయనకాయనే పెట్టుకున్నడు. దాని మీదనే. నేను గింజ గుంజుకుంటె నెట్టేసిండు."

"ఉగాది సందా?" కోమల గొంతు తనకే తెలియనట్టు లేచింది. "ఐదు నెలలాయె. నాకొక్క ఫోను చెయ్యలేకపోతివా? నిన్నగాక మొన్న నీ ముంగటనే అడుక్కున్న గద, వాని కాలు చూడమని."

"ఒట్టున్నది వదినె. పిల్ల మీద." రూప ఏడవలేదు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి. "ఇప్పుడు తప్పిన. పిల్లకేమన్న అయితె మీరు సూస్తరా?"

రక్తం కాదని చెప్పిన మనిషే ఐదు నెలలుగా వారం వారం ఆ కాలు చూస్తోంది. తను కాగితం మీద 'జీడి' అని రాసుకుని ఇంటికి బయలుదేరింది.

సంచి అక్కడే పారేసి చెప్పుల కోసం చూసింది. ఇప్పుడే పోయి, ఎనిమిది మంది ముందు, జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తాననుకుంది.

"నువ్వు పోకు" అంది సుక్కమ్మ. "నువ్వు లొల్లి చేస్తె వాడు గుట్టలెక్కుతడు. చిన్నప్పటి సంది గంతే. అన్నానికి రానియ్."

పది గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ ఊరి మొదట్లోంచి వెళ్లిపోయింది.

వీరేశం మధ్యాహ్నం వచ్చాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుని, అక్క ఇంకా ఉందేమిటన్నట్టు చూసి, లోపలికి రాబోయాడు. గడప మీద తల్లి కూర్చుని ఉంది. ఎడమ కాలి గుడ్డ విప్పి పక్కన పెట్టుకుంది. ముందర కొబ్బరినూనె సీసా. అతను చూపు తిప్పుకుని పెరటి దారి పట్టబోయాడు.

"ఏడికి? ఇట్రా. నూనె రాయి."

"రూప ఉన్నది గద."

"రూప పదకొండు నెలలు రాసింది. ఇయ్యాల నువ్వు రాయి."

"ఆకలైతాంది అమ్మా. తర్వాత..."

"ముల్లు లేదని తెలిసింది బిడ్డా" అంది సుక్కమ్మ, మామూలుగా, వాన వచ్చేటట్టుంది అన్నట్టుగా. "నీ కాలు నాకు చూపియ్యకు. ముందుగాల నా కాలు చూడు."

వీరేశం రూప వైపు చూశాడు. రూప చూపు దించుకోలేదు. అతను నిలబడ్డచోటే నిలబడ్డాడు. కోమలకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ అమ్మను ఎత్తుకుని బస్సెక్కించినవాడు, ఆటో దించినవాడు, ఒక్కసారి కూడా ఆ గుడ్డ విప్పి ఉన్నప్పుడు ఇంట్లో లేడు. పొద్దున చెంబు తీసుకుని రూప కూర్చుంటే పొలానికి పోయేవాడు. మధ్యాహ్నం నూనె సీసా తెస్తే పెరట్లోకి పోయేవాడు. మూడు రోజులుగా కాలు చూపించు, కాలు చూపించు అని వాడి వెంటపడింది తను. వాడు దేన్ని చూడలేకపోతున్నాడో ఒక్కసారి అడగలేదు.

చాలాసేపటికి అతను వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు నేల మీదే ఉన్నాయి. సుక్కమ్మ కాలు ఎత్తి అతని తొడ మీద పెట్టింది. అప్పుడు చూశాడు.

మడమ అడుగు ఒకవైపు గుంటపడి ఉంది. గుంటలో అతికించిన చర్మం నలుపు, గోధుమరంగు కలిసి, రొట్టె మీద వేళ్లచ్చులు పడ్డట్టు గరుకుగా ఉంది. చుట్టూ అంచు మందంగా గట్టు కట్టింది. అంతే. ఐదు వేళ్లూ ఉన్నాయి. గోళ్లు కూడా ఉన్నాయి.

అతను చేతిలో నూనె పోసుకున్నాడు. సగం కింద కారింది. రెండు వేళ్లతో గుంట మీద అద్ది, ఆగాడు.

"నొస్తదా?"

"మొద్దుబారింది. ఏం తెల్వది."

"గింతేనా?"

"నువ్వేమనుకున్నవ్?"

"సగం కాలు లేదనుకున్న." అతను వేళ్లు అక్కడే ఉంచాడు. "ఆపరేషనైన కొత్తల దవాఖానల కట్టు విప్పినప్పుడు బొక్క కనపడ్డది. లోపట గట్లనే ఉన్నదనుకున్న. గుడ్డ కింద. నాకు గట్ల కోస్తె మడిల ఎట్ల దిగాలె, నాగలెట్ల పట్టాలె..."

"నేను నడుస్తలేనా? దినాం నీ ముంగటనే నడుస్తున్న. నువ్వే చూస్తలేవు."

అతను రుద్దుతున్నాడు. ఇప్పుడు అరచెయ్యంతా ఆనించి, గుంట అంచుల వెంట, మెల్లగా.

"నాది నేను రెండేండ్లు జీడి మచ్చ అనుకున్న" అంది సుక్కమ్మ. కోమల చప్పున తల తిప్పింది. దవాఖానలో మూడు నెలల నుంచే ఉందని చెప్పింది అమ్మ. ప్రతిసారీ అదే చెప్పింది. కాగితాల్లో అదే ఉంది. "ఎప్పుడో పెట్టిన జీడి ఉండె గా జాగల. అదే అనుకున్న. పెరుగుతున్నదని తెలుసు. మీకు చెప్తె దవాఖాన అంటరు, కోస్తరు అని బ్లేడుతో నేనే గీక్కున్న. గింజంత ఉన్ననాడు పోతె గింత గుంట గూడ పడకపోవు. నాకు ఎవ్వలు చెప్పెటోళ్లు లేకుండె. నీకు ఇంటి నిండ ఉన్నరు."

కోమల నోట్లో నాలుగు రోజుల మాటలు ఉన్నాయి. ఒక్కటీ బయటికి రానీయలేదు. తమ్ముడి మడమ అటు తిరిగి, ఆమెకు జానెడు దూరంలో ఉంది. పట్టుకుని చూడాలని వేళ్లు గుంజుతున్నాయి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

వీరేశం నూనె చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. గుడ్డ ఎలా చుట్టాలో తెలియక రెండుసార్లు తప్పు చుట్టాడు. రూప వచ్చి పక్కన కూర్చుని, "మడమ కాన్నుంచి మొదలుపెట్టాలె" అంది. అతను విప్పి, మడమ కాన్నుంచి మొదలుపెట్టాడు.

అన్నం మెతుకులు గిల్లుతూ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, అటు తిరిగే అడిగాడు.

"రేపు ఆ డాక్టరమ్మ ఉంటదా అక్కా?"

"ఉంటది."

"జీడి పెట్టినందుకు తిడ్తదేమో."

"తిట్టనియ్."

"కోస్తదా?"

కోమల అబద్ధం చెబుదామనుకుంది. "ముందు చిన్న ముక్క తీసి చూస్తరు. అమ్మకు చేసినట్టు. అది వచ్చేదాక ఏం చెప్పరు."

అతను తలూపాడు. రూప లోపలి నుంచి అతని చెప్పులు తెచ్చి ముందర వేసింది. ఒడ్డు దాకైనా వేసుకొమ్మంది. వేసుకున్నాడు.

పొలంలో ఇంకా రెండు మళ్లు మిగిలి ఉన్నాయి. కోమల కూడా వెంట వెళ్లింది, చాయ్ క్యాన్ వంకతో. అతను మడిలోకి దిగలేదు. ఒడ్డు మీదే నిలబడి నారుకట్టలు అందుకుని విసిరాడు. నిర్మలమ్మ అది గమనించింది.

"ఏం దొరా, ఇయ్యాల చెప్పులేసుకుని ఒడ్డు మీద నిలబడ్డవ్? బురద చేదైందా?"

"రేపు నేను రాను అత్తమ్మా. నారు రూప అందిస్తది."

"మంచిగుంటది. రూప నీ లెక్క నడుముల మీద విసరదు. నువ్వేడికి?"

"పట్నం. దవాఖానకు."

నిర్మలమ్మ నాటు వేస్తూనే వెనక్కి ఒక అడుగు వేసింది. "మొన్ననే పోయొస్తిరి గద. సుక్కమ్మకు మల్ల తిరగబెట్టిందా?"

వరుసలో రెండు మూడు తలలు లేచాయి. కోమల తమ్ముడికి బదులు ఏదో చెప్పబోయింది. వీరేశం చేతిలో నారుకట్ట ఉంది. వేళ్ల మధ్యనుంచి నీళ్లు కారుతున్నాయి. దాన్ని విసరకుండా కాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మకు గాదు" అన్నాడు. "నాకే."